గాజుతొట్టిలో టేకుచేప : నీరు మార్చు విధము

చేపలను గాజుతొట్టిలో నుంచి చూచి యానందించు వేడుక మన దేశమున మిక్కిలి పాతది కాదు. చెన్నపట్టణమున సముద్రపుటొడ్డున 1909వ సంవత్సరమున చేపల ప్రదర్శనశాల తెరువబడినపుడు అది గొప్ప వింత. నేడో, ఆ వింత మన ముందుగదిలోనికే నడచి వచ్చినది. హైదరాబాదు వంటి నగరములలోనే గాక, నారాయణఖేడు వంటి చిన్న పట్టణములందును బంగారుచేపల తొట్టి యున్న యిండ్లు కొన్ని కానవచ్చును. పిల్లలు బడినుండి వచ్చి తొట్టి ముందు కూర్చుందురు; వృద్ధులకు కాలక్షేపమగును. ఇట్టి వేడుకను మేము నిరసింపము. నోరులేని ప్రాణిని వేళకు మేపి కాపాడుట బిడ్డలకు మంచి చదువే.

అయినను ఒక్క మాట మన సోదరీమణులు మనసున నుంచుకొనవలయును. తొట్టి కొనునపుడు ఇంటిల్లిపాదియు ముచ్చటపడుదురు. నీరు మార్చునపుడు మాత్రము ఇల్లాలొక్కతెయే మిగులును. బంగారుచేపలతో మొదలైన సరదా యిప్పుడు టేకుచేప వరకు వచ్చినది. మన సముద్రతీరపు జాలరులు టేకుచేప యని పిలుచు బల్లపరుపు చేపను మీలో కొందరు ఎరుగుదురు. పళ్లెమువలె గుండ్రని శరీరము, సన్నని పొడవైన తోక, ఆ తోకపై విషపు ముల్లు దాని గుర్తులు. దీని జాతిలోనివే కొన్ని దక్షిణ అమెరికాలోని అమెజాను, ఒరినోకో, పరానా మొదలగు నదులలో మంచినీటనే పుట్టి మంచినీటనే పెరుగును. వీనినే నగరములలోని చేపల వర్తకులు గాజుతొట్టెల కొరకు అమ్ముచున్నారు. నారాయణఖేడులోని యొక యింటికి అట్టి చేప వచ్చిన దనుకొందము. దాని తొట్టిని ఎట్లు చూచుకొనవలెను? నీరు ఎట్లు మార్చవలెను? ఈ ప్రశ్నలకే యీ వ్యాసమున సమాధానము చెప్పబూనితిమి.

బిందెల లెక్క

ముందుగా లెక్క చూతము. కొనుటకు ముందు చూచుకొనవలసినది గూడ నిదియే. అంగడిలో టేకుచేప పిల్ల చిన్న పళ్లెమంత యుండి ముద్దుగొలుపును. కాని మోటోరో యను జాతి పెరిగి అడుగున్నర వెడల్పు దాటవచ్చును. అది తిరుగుటకు 6 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, 2 అడుగుల లోతు గల తొట్టి యైనను కావలెను. అందు పట్టు నీరు సుమారు 1000 లీటర్లు, అనగా ఒక టన్ను బరువు. మేడమీది గదిలో నుంచదలచినవారు ఇల్లు కట్టిన మేస్త్రీని గాని ఇంజనీరును గాని అడుగక ఉంచరాదు.

ఈ చేప మాంసాహారి, తిండి యెక్కువ. అందుచేత మలినమును ఎక్కువ. వారమునకు రెండుమారులు, మారునకు సుమారు మూడవ వంతు నీరు మార్చుట మంచిది. మూడవ వంతు కొంచెము తగ్గించి 300 లీటర్లని వేసికొన్నను, 15 లీటర్ల బిందెతో 20 బిందెలు. వారమునకు 40 బిందెలు. బంగారుచేపలకైతే 2 అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతు గల తొట్టిలో నాల్గవ వంతు మార్చినచో ఒక్క బిందెతో సరిపోవును. ఈ రెంటి భేదమును ఇల్లాలు ముందే యెరుగవలయును. నీటి కొరకు వేసవిలో ఎంత దూరము నడువవలసి వచ్చెడిదో నారాయణఖేడు ప్రాంతపు పెద్దముత్తైదువల నడిగిన చెప్పుదురు. అట్టి చోట వారమునకు 40 బిందెలు ఒక చేపకు పోయుట చిన్న సంగతి కాదు. ఆ నీరు లేనియింట ఈ చేపయు నుండరాదు.

నీరు ఏల చెడును?

తొట్టిలోని నీరు అద్దమువలె తేటగా నుండియు విషమై యుండవచ్చును. ఏలయన, చేప విసర్జించునదియు, తినగా మిగిలి కుళ్లునదియు అమ్మోనియా యను పదార్థమగును. సముద్రపు టేకుచేపలు తమ శరీరమున యూరియాను నిలువజేసికొని ఉప్పునీటికి తట్టుకొనును. ఈ నదీజాతులకు ఆ శక్తి నశించిన దని 1967లో థోర్సన్ మొదలగు శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ఇవి తమ మలినమును అమ్మోనియా రూపముననే నీటిలోనికి విడుచును. నదిలో నది కొట్టుకొనిపోవును. తొట్టిలో నెక్కడికి పోవును?

దీనికి ప్రకృతియే యొక యుపాయము కల్పించినది. నీరు వడగట్టు యంత్రపు స్పంజిలో కంటికి కనబడని సూక్ష్మజీవులు పెరిగి, అమ్మోనియాను నైట్రైటుగను, నైట్రైటును నైట్రేటుగను మార్చును. మొదటి రెండును చేపకు విషములు. మూడవది కొంత మేరకు సహింపదగినది. ఈ సూక్ష్మజీవులు మన యింటి పాలకు తోడువంటివి. తోడు వేసిన వెంటనే పెరుగు కానట్లే, కొత్త తొట్టియు వెంటనే సిద్ధము కాదు. నాలుగు మొదలు ఆరు వారములు పట్టును. ఆ గడువు ముగియక ముందే టేకుచేపను తెచ్చి విడుచువారు దానిని చేజేతుల చంపుకొనుచున్నారు. ఇదివరకే నడుచుచున్న తొట్టినుండి కొంత స్పంజి తెచ్చి వేసినచో ఆ తోడు త్వరగా అందుకొనును. అమ్మోనియా, నైట్రైటు రెండును సున్న యని పరీక్షమందు చూపిన తరువాతనే చేపను విడువవలెను.

ఈ మూడవది, అనగా నైట్రేటు, తొట్టిలో పేరుకొనుచునే యుండును. దానిని తీసివేయుటకే మనము నీరు మార్చుట. కావున నెలకొకమారు తొట్టి యంతయు ఖాళీచేసి తోముట శుభ్రత కాదు, అది ప్రాణాపాయము. కొంచెము కొంచెముగ, తరచుగ మార్చుటయే సూత్రము.

మన యూరి నీరు

నారాయణఖేడు ప్రాంతమునకు మంజీరానది ప్రాణము. దానిపై కట్టిన సింగూరు జలాశయపు నీరు, 2016 ఆగస్టు 7న ప్రారంభమైన మిషన్ భగీరథ పథకము క్రింద శుద్ధియై గొట్టములగుండ ఈ ప్రాంతపు ఇండ్లకు వచ్చుచున్నది. క్రిములు చచ్చుటకై అందు క్లోరిను కలుపుదురు. త్రాగునీట క్లోరిను లీటరునకు కనీసము 0.2 మిల్లీగ్రాములు మిగిలియుండవలె నని 2012 నాటి భారతీయ ప్రమాణము. అది మనకు రక్ష. చేప మొప్పలకు మాత్రము నిప్పు. స్పంజిలోని మన తోడునుగూడ అది చంపును. పొలుసులు లేని టేకుచేప తక్కిన చేపలకంటె సుకుమారి. కుళాయినీరు తిన్నగా తొట్టిలో పోయుట ఎన్నడును తగదు.

క్లోరిను పోగొట్టుటకు రెండు మార్గములు. మూతలేని డ్రమ్ములో నీరు పట్టి, గాలిబుడగలు విడుచు చిన్న యంత్రమును నడుపుచు ఒక పగలు ఒక రాత్రి నిలువ యుంచుట మొదటిది. సోడియం థయోసల్ఫేటు, అనగా ఫోటోలు కడుగువారు వాడెడి హైపో, కలుపుట రెండవది. క్లోరిను ఒక పాలైన హైపో ఏడు పాళ్లు కావలెను. లీటరునకు అర మిల్లీగ్రాము క్లోరిను గల నీరు 300 లీటర్లకు సుమారు ఒక గ్రాము చాలును. కంటితో కొలువక, చిన్న త్రాసుతో తూచి, కప్పెడు నీట కరగించి డ్రమ్ములో కలుపవలెను. అంగళ్లలో దొరకు తయారుమందైనచో సీసాపై వ్రాసిన కొలతను పాటింపవలెను. క్లోరిను చూపు చుక్కలమందు వేసినపుడు నీరు పచ్చబడకున్న యెడల అది పోయినట్లు గుర్తు.

బోరునీట సాధారణముగా క్లోరి నుండదు; కాని గట్టిదనము, క్షారగుణము ఎక్కువగా నుండవచ్చును. క్షారము హెచ్చుకొలది అమ్మోనియా మరింత విషమగును. నేడు కుళాయినీరు, రేపు బోరునీరు అని మార్చి మార్చి పోసిన చేప తాళజాలదు. ఏదో యొక నీటికి కట్టుబడుటయే క్షేమము. విధిలేక మార్చవలసి వచ్చినచో పలుదినములుగా కొంచెము కొంచెము కలుపుచు అలవాటు చేయవలెను.

ఇక వేడిమి సంగతి. ఈ చేపకు 26 మొదలు 28 డిగ్రీల వెచ్చదనము హితము. వైశాఖమాసమున మిద్దెమీది నల్లని ప్లాస్టికు ట్యాంకులో మధ్యాహ్నపు నీరు చేయి పెట్టనీయదు. పుష్యమాసపు తెల్లవారుజామున ఆ నీరే జివ్వుమనును. కావున డ్రమ్ము నీడపట్టున నుంచి, ఉష్ణమాపకముతో రెండు నీళ్లను చూచి, ఒక డిగ్రీకి మించిన భేదము లేనపుడే పోయవలెను.

నీరు మార్చు క్రమము

ఈ పని పగటివేళ, ఇద్దరుండగా చేయవలయును. ఒకరు పని చేయుదురు. రెండవవారు చేపను కనిపెట్టి యుందురు. పసిబిడ్డలు ఆ గదిలో నుండరాదు.

మొదట విద్యుత్తు ప్లగ్గులన్నియు ఊడదీయుడు. స్విచ్చి కట్టుటతో తృప్తిపడరాదు. నీరు వెచ్చజేయు కడ్డీని పావుగంట ముందే ఆపి చల్లారనిండు. వేడిగా నుండగా నీరు తగ్గినచో గాజు పగులును. తీగెలు గోడప్లగ్గుకంటె క్రిందికి వంగి పైకి పోవునట్లు అమర్చినచో, తీగెవెంట జారిన నీరు ప్లగ్గులోనికి పోక క్రింద బొట్టుబొట్టుగా రాలును. ఈ చిన్న జాగ్రత్త ఇంటివారి ప్రాణములు కాపాడును.

తరువాత రంధ్రములు గల ప్లాస్టికు పలకను అడ్డుపెట్టి చేపను తొట్టిలో నొక పక్కకు మెల్లగా చేర్చుడు. తరుమరాదు, చేతితో తాకరాదు. అది ఇసుకలో దాగియుండు స్వభావము గలది కనుక, ఎక్కడ నున్నదో కంటితో చూడక చేయి లోపల పెట్టరాదు.

సన్నని రబ్బరుగొట్టమును నీటితో నింపి, ఒక కొన తొట్టిలోను రెండవ కొన క్రింది బకెట్టులోను ఉంచిన నీరు తనంతట దిగును. నోటితో పీల్చుట రోగమునకు దారి. గొట్టపు మూతికి జల్లెడవంటి వల కట్టుడు. అడుగున నున్న మలమును, తినగా మిగిలిన రొయ్యముక్కలను ముందుగా లాగివేయుడు. మూడవ వంతు దిగగానే ఆపుడు.

వడపోత స్పంజి మురికిపట్టి యున్నచో, తీసిన తొట్టినీటిలోనే రెండుమూడుమార్లు పిండి మరల నుంచుడు. కుళాయి క్రింద కడుగుట, తోడుగిన్నెను సబ్బుతో తోముట వంటిదే.

పిదప డ్రమ్ములో సిద్ధమైన నీటిని సన్నని ధారగా, చేపకు దూరముగా, నిదానముగా పోయుడు. కడ్డీ మునిగిన తరువాతనే ప్లగ్గులు పెట్టుడు. టేకుచేప వెచ్చదనమునకై కడ్డీపై పరుండి పొట్ట కాల్చుకొనును. దానిచుట్టు ప్లాస్టికు తొడుగు తప్పదు. పని ముగిసిన గంటకొకమారు వెళ్లి చూడుడు. చేప పళ్లెపు అంచులు పైకి ముడుచుకొన్నను, కండ్లవెనుక రంధ్రములు వడివడిగా కొట్టుకొనుచున్నను, మేత ముట్టకున్నను నీట నేదో దోషము గలదని తలచి వెంటనే అమ్మోనియాను, క్లోరినును పరీక్షింపవలయును.

ముల్లు గ్రుచ్చుకొన్నచో

2006 సెప్టెంబరు 4న ఆస్ట్రేలియా దేశమున స్టీవ్ ఇర్విన్ అను ప్రసిద్ధ జంతుప్రేమికుడు సముద్రపు టేకుచేప ముల్లు ఎదను తాకి మరణించెను. మంచినీటి టేకుచేప చిన్నదైనను దాని ముల్లును విషపూరితమే, బాధ చెప్పనలవికానిది. అది కావలెనని కుట్టదు. త్రొక్కిన, పట్టిన, భయపెట్టిన తోక విసరును.

కాలికి గాని చేతికి గాని ముల్లు గ్రుచ్చుకొన్నచో గాయమును మంచినీట కడిగి, ఓర్చుకొనదగిన వేడినీటిలో, అనగా సుమారు 45 డిగ్రీల నీటిలో, అరగంట మొదలు గంటన్నర వరకు ముంచి యుంచవలెను. దెబ్బ తగలని చేతితో ముందుగా ఆ వేడి చూడవలెను. నొప్పిలో కాలుట తెలియదు. వేడికి బాధ తగ్గును. అంతమాత్రమున ఇంట కూర్చుండరాదు. వెంటనే ఆసుపత్రికి పోవలెను. ముల్లుముక్క లోపల విరిగియుండవచ్చును. ధనుర్వాతపు టీకాయు అవసరము కావచ్చును. ఎదలో, మెడలో, పొట్టలో దిగిన ముల్లును ఇంట పెరుకరాదు. పసరులు పూయుట, కోసి రక్తము పీల్చుట కూడదు.

ఇంటిలోని శత్రువులు

మనకు నిత్యము పనికివచ్చు వస్తువులే చేపకు యమపాశము లగుచుండును. సబ్బుచేతులతో తొట్టి ముట్టరాదు. ఫినాయిలు వాడిన బకెట్టు, గుడ్డ ఇందుకు పనికిరావు. తొట్టికి వేరొక బకెట్టు, వేరొక గొట్టము కేటాయించుడు. రాగిబిందెలో నిలువచేసిన నీరు మనకు మంచిదని చాలమంది నమ్మకము. టేకుచేపకు మాత్రము రాగి విషము. రాగి కలిసిన చేపమందులను గూడ దూరముగా నుంచవలెను. దోమలమందు చిమ్మునపుడు, ఆ గాలిని తొట్టియంత్రము పీల్చి నీట కలుపును. ఆ గదిలో చిమ్మకుండుటయే మేలు. తప్పనప్పుడు యంత్రమాపి తొట్టిని కప్పి, పొగ పోయిన వెంటనే తిరిగి నడుపవలెను.

విద్యుత్తు పోయిన కొన్ని గంటలకే స్పంజిలోని సూక్ష్మజీవులకు ఊపిరాడదు. బ్యాటరీతో నడుచు గాలియంత్రమొకటి ఇంట నుండవలెను. ఆ దినమున మేత వేయకుడు. ఒకపూట పస్తు చేపకు కీడు చేయదు, కుళ్లిన మేత చేయును.

తీసిన నీరు వ్యర్థము గాదు

మనము పారబోయుదు మనుకొను ఆ 20 బిందెల నీట నైట్రేటు గలదు; అది మొక్కలకు చక్కని యెరువు. వంగ, మిరప, బెండ, మల్లె, కనకాంబరము, ఏ పాదునకు పోసినను సార్థకమే. ఉప్పుగాని మందుగాని కలిపిన నీరు మాత్రము మొక్కలకు పోయరాదు. నీటికి కటకటపడిన సీమలో ఈ యొక్క యేర్పాటు చేసికొన్నయెడల ఇల్లాలి మనసునకు కొంత ఊరట.

చెరువులో విడువరాదు

చేప పెరిగినది, తొట్టి చాలలేదు, నీరు మోయలేకపోతిమి. దయతో చెరువులో విడుతుమని కొందరు తలంతురు. అది దయ గాదు. గాజుతొట్టెలనుండి బయటపడి మన తెలుగుసీమ చెరువులలో, నదులలో వ్యాపించిన నోటిచప్పరింపు జెల్లజాతి, దెయ్యపుచేప యని జాలరుల తిట్లు తినుచున్నది. వారి వలలు చినుగుచున్నవి. సింగపూరు నగరపు త్రాగునీటి జలాశయమొకదానిలో మోటోరో టేకుచేపలే విడువబడి పిల్లలుపెట్టి పెరుగుచున్నట్లు 2010లో శాస్త్రజ్ఞులు వెల్లడించిరి. మన చెరువులో బట్టలుతుకు తల్లి, గేదెలు కడుగు బాలుడు దిగునని మరువరాదు. ఉంచుకొనలేనివారు అమ్మిన వర్తకునకో, పెద్దతొట్టి గల మరియొకరికో అప్పగింపవలెను.

చట్టమును గూడ గమనింపవలసి యున్నది. నల్లని మేనిపై తెల్లని చుక్కలు గల షింగూనదీ టేకుచేప మొదలగు కొన్ని జాతులను 2022లో పనామా నగరమున జరిగిన అంతర్జాతీయ సభ రక్షిత వ్యాపారపు పట్టికలో చేర్చినది. అట్టి విదేశీ ప్రాణుల నుంచుకొనువారు వానిని నమోదు చేయింపవలెనని 2022లో సవరింపబడిన మన వన్యప్రాణి చట్టము విధించుచున్నది. పత్రములు లేని చేపను కొనకుడు.

సోదరీమణులారా, మేము చెప్పవచ్చిన దింతే. తొట్టిలోని ప్రాణికి నీరే గాలి, నీరే యిల్లు. ఆ నీటిని తెచ్చువారెవరు, మోయువారెవరు, వారమునకు రెండుమారులు తొట్టి ముందు వంగువారెవరు అన్న ప్రశ్నకు, చేప ఇంటికి వచ్చుటకు ముందే భర్తయు బిడ్డలును గూడి సమాధానము చెప్పవలయును. పని పంచుకొందుమని వారు మాట యిచ్చి నిలుపుకొందురేని, తొట్టి యింటికి శోభ. ఇయ్యలేనిచో, ఒక్క బిందెతో తృప్తిపడు బంగారుచేపలే మనకు చాలును. వానికిని ఇందు చెప్పిన నీటి నియమములే వర్తించును.